విమానం పెట్రోలు

జగ్గయ్యపేట,
సర్వధారి, కార్తీక శుద్ధ దశమి.

చిరంజీవి సౌభాగ్యవతి తాయారుకు అక్కయ్య బాలామణి ఆశీర్వదించి రాసేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనే కలం పట్టాను గాని, ఈ ఇంట్లో కుశలం తప్పి పక్షం దాటింది. మీ బావగారు కారు కొన్నారు.

నైజాంలో పోలీసు చర్య అయ్యాక కోదాడ, సూర్యాపేట దారి తెరుచుకుంది గదా. తను ఎద్దుబండి మీద చేరేసరికి మిరపకాయలన్నీ ఇంకొకడు బేరం చేసుకుపోతున్నాడని ఆయన గొడవ. సీమకు వెళ్ళిపోతున్న దొర ఒకాయన కారు అమ్ముతున్నాడని తెలిసి, బెజవాడ వెళ్ళి తెచ్చారు. నల్ల కారు. చూడటానికి బాగానే ఉంటుంది. వెనక సీటుకు ఆడవాళ్ళు కనపడకుండా తెరలు కూడా కుట్టించారు.

తోలటం నేర్పడానికి ఆశీర్వాదం అనే డ్రైవర్ని పెట్టుకున్నారు. యుద్ధంలో అస్సాం కొండల్లో మిలిటరీ లారీలు తోలినవాడు. స్టీరింగు దగ్గర మీ బావగారు, పక్కన ఆశీర్వాదం, వెనక తెరచాటున నేను. నేనెందుకంటావా? "వాడు చెప్పేది నాకు గుర్తుండదు. నువ్వు విని ఇంటికొచ్చాక చెబుదువుగాని" అన్నారు. అంచేత రోజూ వడ్డించేటప్పుడు నేను పాఠం ఒప్పజెప్పాలి. "ఎడంకాలితో క్లచ్చి తొక్కాలండి. గేరు వెయ్యాలండి. క్లచ్చి మెల్లిగా వదుల్తూ కుడికాలు మెల్లిగా నొక్కాలండి." ఆయన అప్పడం నములుతూ ఊఁ కొడతారు.

పొద్దున్నే బజార్లోకి వెళ్ళేసరికి కారు గంగిరెద్దులా రెండుసార్లు తలూపుతుంది, ముందుకొక గెంతు గెంతుతుంది, ఆగిపోతుంది. ఆశీర్వాదం దిగి హ్యాండిలు తిప్పుతాడు. మళ్ళీ గెంతు. బజారు దాటేలోపు పాపం వాడి చొక్కా పిండితే నీళ్ళొస్తాయి. నిన్న మీ బావగారు తేల్చేశారు. "కార్లో దోషం లేదు. నాలోనూ లేదు. ఉన్నదంతా పెట్రోల్లోనే ఉంది."

మీ ఇంట్లో అంతకుముందు నుంచే కారుంది గదా. ఏ పెట్రోలు పోస్తారో మీ ఆయన్ని అడిగి రాయి. ఆ కారులోనే మీరిద్దరూ ఒకసారి వచ్చిపోరాదుటే? నిన్ను చూసి ఏడాది కావస్తోంది.

ఇట్లు,
నీ అక్కయ్య, బాలామణి


నందిగామ,
కార్తీక బహుళ తదియ.

అమ్మలాంటి అక్కయ్యకు తాయారు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. కుశలం తప్పిందన్న ముక్క మాత్రం మింగేశాను. విన్న వెంటనే ఆయన లేచి నల్లకోటు తొడుక్కున్నారు. పెద్ద విషయం ఏదైనా మాట్లాడాలంటే, ఇంట్లోనైనా సరే, కోటు లేనిదే మా ప్లీడరుగారికి మాట రాదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పెట్రోలు రెండు విధములు. బంకులో రేషను కూపనుకిచ్చేది మామూలుది. విమానాల్లో పోసేది ఉత్తమజాతిది. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన విమానం పెట్రోలు బెజవాడలో ఒక వ్యాపారి పీపాలకు పీపాలు అమ్ముతున్నాడు. గుర్రానికి గంజి పోసి పరుగెత్తమంటే పరుగెత్తుతుందా? ఉలవలు పెట్టాలి. ఆకాశంలో అంత బరువును మోసుకుపోయే పెట్రోలుకు నేలమీద కారొక లెక్కా? అన్నయ్యగారికి రాయి, ఇది నా అభిప్రాయం కాదు, తీర్పు."

కోటు విప్పేశాక దాహం పుచ్చుకుని పడుకున్నారు.

మా కారు సంగతి అడిగావు. బాగానే ఉంది. ఆయన రోజూ పొద్దున్నే అందులోనే కూర్చుంటారు. రావడానికి మాత్రం ఈ నెలలో కుదరదు. కోర్టులో వాయిదాలు ఎక్కువ.

నీ చెల్లెలు,
తాయారు


జగ్గయ్యపేట,
కార్తీక బహుళ ఏకాదశి.

చి. సౌ. తాయారుకు దీవెనలు.

మీ ఆయన తీర్పు మా ఇంట్లో అమలైపోయింది. మీ బావగారు ఉత్తరం లాక్కుని స్వయంగా చదువుకున్నారు. "చూశావా! కాయల్లో మేలురకం, తాలు ఉన్నట్టే ఇందులోనూ ఉందన్నమాట. ఇన్నాళ్ళూ నేను తాలుకాయ దంచి ఘాటు రాలేదేంటని ఏడుస్తున్నా" అన్నారు. మిరపకాయల మాటల్లో చెబితే ఆయనకు ఇక ఎదురుండదు.

ఆశీర్వాదాన్ని కూడా అడిగారు. వాడు బుర్ర గోక్కుని, "ఏదైనా మండుద్దండి. మండటం దాని పని, తోలటం మన పని" అన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. వాడికీ విసుగు పుట్టినట్టుంది, బొగ్గు కాల్చి నడిపే బెజవాడ బస్సు మీద పని దొరికిందని చెప్పి మర్నాడే వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తెర దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "అమ్మగారూ, అయ్యగారు దేవుడులాంటోరు. కాకపోతే ఆయన రెండు కాళ్ళకీ ఒకదానితో ఒకదానికి మాటల్లేవండి" అన్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది.

రేపు మీ బావగారు పీపా తేవడానికి బెజవాడ వెళుతున్నారు. దేంట్లోనా? బొగ్గుబస్సులో. ఇంట్లో కారు పెట్టుకుని, ఆ కారు కోసం బస్సెక్కే మనిషిని నేను మొదటిసారి చూస్తున్నాను.

నువ్వేమిటే ఈసారి అంత ముక్తసరిగా రాశావు? ఒంట్లో బాగానే ఉందా?

అక్కయ్య


నందిగామ,
కార్తీక అమావాస్య.

అక్కయ్యకు నమస్కారాలు.

బావగారు ఇంకా బెజవాడ వెళ్ళకపోతే ఆపు. వెళితే గనక, పీపా అంతా ఒక్కసారి పొయ్యనివ్వకు. ఎందుకని అడక్కు. ఆయన పక్కగదిలోనే ఉన్నారు.

నాకు బాగానే ఉంది. ఆయన నీకు నమస్కారాలు చెప్పమన్నారు. అన్నయ్యగారి కారు ఏ తీరున పరుగెత్తిందో వివరంగా రాయమన్నారు.

తాయారు


జగ్గయ్యపేట,
మార్గశిర శుద్ధ షష్ఠి.

చి. సౌ. తాయారుకు అక్కయ్య దీవెనలు.

ఇది చదివాక పొయ్యిలో పెట్టు. నీ ఉత్తరం కంటే పీపా ముందు దిగింది. అది దిగక ముందొకటి, దిగాక ఒకటి, రెండు సంగతులు జరిగాయి. వరసనే చెబుతాను.

ఆయన బెజవాడ వెళ్ళిన రోజు కారు మన మండీ దొడ్లో ఉంది. నేను కాయలు ఆరబోయించడానికి వెళ్ళాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు తప్ప మగపురుగు లేదు. కారు తలుపు తీసుంది. ఊరికే కూర్చుని చూద్దామనుకున్నాను, ఒట్టు. కూర్చుంటే చెయ్యి స్టీరింగు మీదికి పోయింది. కాళ్ళు వాటంతటవే వెతుక్కున్నాయి. నెలరోజులుగా అన్నం వడ్డిస్తూ ఒప్పజెప్పిన పాఠం గదా! "ఒసే, ఎవరైనా ఆ ముందున్న హ్యాండిలు తిప్పండే" అన్నాను. ఆడవాళ్ళు కొంగులు బిగించి తిప్పారు. గుర్రుమంది. ఎడంకాలు మెల్లిగా వదిలాను, కుడికాలు మెల్లిగా నొక్కాను.

తాయారూ, గెంతలేదే! తలూపలేదు. పెరుగుకుండ కదిపితే మీగడ కదిలినట్టు కదిలింది. మిరపరాశి చుట్టూ తిరిగింది. ఆపటం ఎలాగో గుర్తొచ్చేలోపు ఇంకొకసారి తిరిగింది. ఆడవాళ్ళు ఈలలెయ్యటమొక్కటే తక్కువ. నాకు నవ్వో ఏడుపో తెలీలేదు, ఆ ఘాటుకు తుమ్ములు కూడా. కారు ఎక్కడిదక్కడే పెట్టి దిగాను. అందులో ఉన్నది ఆయన తిట్టిపోసిన మామూలు పెట్రోలే.

ఇక రెండోది. పీపా వచ్చింది. పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. పెసలు కడిగిన నీళ్ళలా పచ్చగా ఉంది ఆ విమానం పెట్రోలు. పోశారు. ఎక్కారు. నేను వెనక కూర్చుని దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. ఈసారి కారు తలూపలేదు, నేరుగా గెంతింది. బెల్లం కొట్టు పుల్లయ్య లేడూ, వాళ్ళ అరుగు మీద ముందు చక్రాలు రెండూ పెట్టి ఆగింది. పుల్లయ్య తక్కెడ దించకుండానే, "శెట్టిగారూ, ఎలాగూ ఇక్కడిదాకా వచ్చారు, లోపలిక్కూడా రండి, కాఫీ తాగి పోదురుగాని" అన్నాడు. బజారంతా నవ్వు.

మీ బావగారు మాత్రం వెలిగిపోతూ వెనక్కి తిరిగారు. "చూశావా బలం? విమానం పెట్రోలు గదా, ఎగరాలని చూస్తోంది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. మామగారు బతికున్నన్నాళ్ళూ నలుగురిలో, "మావాడికి చేతులు రెండూ ఎడమవి, కాళ్ళు రెండూ పక్కింటివి" అనేవారు. ఈయన కూడా నవ్వేవారు, అందరికంటే గట్టిగా. గోనె విప్పకుండా, వాసన చూసి, కాయ ఏ ఊరిదో చెప్పగల మనిషి. కారు తోలటం పెళ్ళానికి వచ్చి తనకు రాలేదని ఎలా చెప్పనే?

నువ్వు ఎందుకు వద్దన్నావో ఇప్పుడు చెప్పు.

అక్కయ్య


నందిగామ,
పుష్య శుద్ధ పంచమి.

అక్కయ్యకు నమస్కారాలు.

పొయ్యిలో పెట్టాను. పెట్టే ముందు ఎన్నిసార్లు చదివానో! పుల్లయ్య కాఫీకి పిలిచిన చోట పగలబడి నవ్వుతుంటే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

నువ్వు నిజం చెప్పావు కనక నేనూ చెప్పాలి. అక్కయ్యా, మా కారు శ్రావణమాసం నుంచి కదల్లేదు.

ఆయన కూడా బెజవాడ నుంచి ఆ పచ్చ పెట్రోలే తెచ్చారు. ఆశగా పోశారు. కొన్నాళ్ళు బాగానే తిరిగింది. తరవాత దగ్గటం మొదలుపెట్టింది. ప్లగ్గులకు అంగుళం మేర మసి పట్టిందన్నారు. ఒక ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని, చాప పరిచి, ఇంజను విప్పారు. విప్పటం ఆ పుస్తకంలో బాగా రాశాడట. బిగించే అధ్యాయం చిరిగిపోయి ఉంది. ఆ సామానంతా ఇప్పుడు నా బియ్యం చేటలో ఉంది. నేను కొత్త చేట కొనుక్కున్నాను. వెనక సీట్లో పిల్లి ఈనింది.

పొద్దున్నే అందులో కూర్చుంటారని రాశాను గదా? అబద్ధం రాయలేదు. అక్కడ గాలి బాగా వస్తుందని, కోర్టు కాగితాలు అందులో కూర్చుని చదువుకుంటారు. ఎవరైనా వస్తే, "ఇప్పుడే తిరిగొచ్చా" అంటారు. మొన్న కాస్త ధైర్యం చేసి, "ఆ పెట్రోలు మనకు పడలేదేమోనండి" అన్నాను. వెంటనే కోటు వేసుకున్నారు. "పెట్రోలు ఉత్తమమైనదే. దాన్ని జీర్ణం చేసుకునే యోగ్యత ఈ కారుకు లేదు" అన్నారు. మీ ఇంట్లో తప్పంతా పెట్రోలుది, మా ఇంట్లో తప్పంతా కారుది. మనుషులకు మాత్రం దేవుడి దయవల్ల ఏ లోపమూ లేదు.

ఇంకో మాట. ఇది కూడా దాచాను. దిష్టి తగులుతుందని, నోటితో అంటే జారిపోతుందేమోనని భయం వేసింది. నాకు నాలుగో నెల, అక్కయ్యా. ఎనిమిదేళ్ళ తరవాత.

తాయారు


జగ్గయ్యపేట,
పుష్య శుద్ధ త్రయోదశి.

నా తల్లీ,

ఉత్తరం చదివి వంటింట్లో కూలబడిపోయాను. పప్పు మాడింది. మాడనీ.

నీకు పుట్టిల్లంటే ఈ ఇల్లే. అమ్మ లేని లోటు తెలియనివ్వను. ఏడో నెల రాగానే వచ్చెయ్యాలి. మంత్రసాని ఆరోగ్యమ్మతో అప్పుడే మాట్లాడాను. మిషను ఆసుపత్రిలో నేర్చుకున్న మనిషి, ఈ ఊళ్ళో సగంమంది ఆవిడ చేతులమీదుగా వచ్చినవాళ్ళే. ఒక్కటే మాట చెప్పింది. "కుదుపులు తగలకుండా తీసుకురండమ్మా. బొగ్గుబస్సూ వద్దు, ఎద్దుబండీ వద్దు."

మీ బావగారికి చెప్పాను. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. తరవాత, "కారు నేనే సిద్ధం చేస్తా, మరదల్ని నేనే స్వయంగా తోలుకొస్తా" అన్నారు. నేను వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టాను.

ఆ మాట అన్న దగ్గర్నుంచి ఆయన తపస్సు చూడాలి! మామూలుది సగం, విమానానిది సగం కలిపారు. గెంతింది. ముప్పావు, పావు చేశారు. గెంతింది. రెండు డబ్బాలు ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని కాయల్ని చూసినట్టు వాసన చూస్తారు. "కుదురుతోంది, కుదురుతోంది" అంటారు.

నేను మాత్రం ఆయన ఊరెళ్ళినప్పుడల్లా మండీ దొడ్లో తిరుగుతున్నాను. వెనక్కి తోలటం కూడా వచ్చింది. ఆడవాళ్ళెవరూ నోరు విప్పలేదు. ఈ ఊళ్ళో రహస్యం నిలబడటం ఇదే మొదలు.

బాలింతకు కావలసినవన్నీ చేయిస్తున్నాను. ఒళ్ళు జాగ్రత్త.

అక్కయ్య


నందిగామ,
విరోధి, జ్యేష్ఠ శుద్ధ తదియ.

అక్కయ్యా,

ఏడో నెల దాటింది. ఎనిమిదో నెలలో కదపకూడదన్నారు. ఇప్పుడు తొమ్మిదోది కూడా పడింది. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను.

ఆయన మంచివారు, ఆ సంగతి నీకు తెలుసు. నేను కాలు కింద పెడితే కందిపోతానన్నట్టు చూసుకుంటున్నారు. కాని ఈ ఒక్క విషయంలో మాట వినరు. "ఇదుగో, వారంలో కారు బాగవుతుంది, నేనే తీసుకెళతా" అంటారు. చైత్రం నుంచి అదే వారం. పోనీ, బావగారిని రమ్మందామంటే, ఆయన వస్తే మా కారును చూస్తారు. "తీర్పు చెప్పినవాణ్ణి, నేనేం మొహం పెట్టుకుని చూపించనే?" అన్నారు నిన్న. కోటు లేకుండానే అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఈ ఊళ్ళో ఆసుపత్రి ఉంది, మనుషులున్నారు. అయినా ధైర్యం చాలటం లేదు. కాళ్ళు వాచాయి. అమ్మ నన్ను కని పోయిందన్న సంగతి ఇన్నేళ్ళూ పక్కవాళ్ళ కథలా ఉండేది. ఇప్పుడు నాదిలా ఉంది. నిన్ను నొప్పించాలని రాయటం లేదు. నువ్వు పక్కన ఉంటే చాలు. పెట్రోలు ఏదైతేనేం.

తాయారు


జగ్గయ్యపేట,
జ్యేష్ఠ శుద్ధ పంచమి.

తాయారూ,

గురువారం పొద్దున్నే వస్తున్నాను. చీరలు సర్దుకుని వీధరుగు మీద కూర్చో. మీ ఆయనకు చెప్పకు. ఎవరు తోలుకొస్తారో ఇది రాసేటప్పటికి నాకూ తెలీదు. వస్తాను. అంతే.

అక్కయ్య


నందిగామ,
ఆశ్వయుజ శుద్ధ షష్ఠి.

అక్కయ్యకు, బావగారికి తాయారు నమస్కారాలు.

క్షేమంగా చేరాము. పాప దారంతా నిద్రపోయింది. ఈయన పరువు పక్కనబెట్టి బొగ్గుబస్సెక్కటం నువ్వూ చూశావుగా! తోలేవాడు మీ ఆశీర్వాదమే. ఈయన ఊరుకోలేక, "ఏమోయ్, ఇందులో ఏ పెట్రోలు?" అని అడిగారు. "బొగ్గండి" అన్నాడు వాడు. ఈయన అటు తిరిగి నందిగామ దాకా మైలురాళ్ళు లెక్కపెట్టుకున్నారు.

నీ ఇంట్లో నాలుగు నెలలున్నా, ఎప్పుడు చూసినా చుట్టూ జనం. నాకు ఒక్కటి మిగిలిపోయింది. ఆ గురువారం ముచ్చట నా వైపు నుంచి ఎలా ఉందో చెబుతాను, నీ వైపుది నువ్వు రాయి.

నేను అరుగు మీద మూట పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఈయన మామూలుగా మా కారులో కూర్చుని దావా కాగితాలు చదువుతున్నారు. దుమ్ము రేగింది. నల్ల కారు. మలుపులో ఉన్న కానిస్టేబులు ఎవరో కలెక్టరు భార్య అనుకున్నాడేమో, బిగుసుకుని సలాము కొట్టాడు. నెత్తిన కొంగు కప్పుకుని, ఎర్రబడ్డ మొహంతో, ముందు సీట్లో ఒక్కదానివే నువ్వు! వచ్చి మా కారు పక్కన గీత గీసినట్టు ఆపావు. ఈయన కాగితాలు జారిపోయాయి.

"వదినగారూ! అన్నయ్యగారు రాలేదా?"

వెనక తెర వెనక నుంచి గొంతు వచ్చింది. "వచ్చా తమ్ముడూ. ఇక్కడున్నా. కులాసానా?"

"కులాసా అన్నయ్యా."

"కారు బాగుందా?"

"బాగుందన్నయ్యా. మీదో?"

"బాగుంది."

ఒకాయన కదలని కారులో, ఇంకొకాయన తెరచాటున. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎంత మర్యాదగా మాట్లాడుకున్నారో! అప్పుడే మా పిల్లి రెండో ఈత పిల్లను నోట కరుచుకుని ఈయన భుజం మీదుగా దిగింది. నువ్వు నవ్వలేదు. దిగి నా చెయ్యి పట్టుకున్నావు. నీ అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. ఇక నాకేం కాదని అప్పుడే అనుకున్నాను.

దారిలో ఒక్క కుదుపు తగల్లేదు. అది నేను ఎవరికైనా చెబుతాను.

అందుకే ఈయన నిన్న కోటు వేసుకుని, మళ్ళీ విప్పేసి, "తాయారూ, వదినగారిని రహస్యంగా ఒక మాట అడుగు. ఆ రోజు కారులో పోసింది ఏ పెట్రోలు?" అన్నారు. మా కారు సామాను చేటతో సహా బెజవాడ పంపించారు. అది తిరిగొచ్చేలోపు తెలియాలట.

తాయారు


జగ్గయ్యపేట,
ఆశ్వయుజ బహుళ విదియ.

చి. సౌ. తాయారుకు, పాపకు దీవెనలు. పాపకు బోసినవ్వులొస్తున్నాయా? ఇల్లు బోసిపోయింది.

అడిగావు గనక రాస్తున్నాను. జ్యేష్ఠంలో నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. అమ్మ సంగతి రాసిన దగ్గర నేను ఆగిపోతే, ఆయనే తీసుకుని మిగతాది చదివారు. "పద, తీసుకొద్దాం" అని లేచారు. గురువారం పొద్దున్నే కారెక్కారు. దొడ్డి గుమ్మం దాటకుండానే గెంతింది. ఆగింది. హ్యాండిలు తిప్పించారు. మళ్ళీ గెంతింది. స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నారు.

నేను దిగి ముందుకెళ్ళాను. "ఏమండీ, మీరు వెనక కూర్చోండి" అన్నాను.

"మరి తోలేదెవరు?"

"నేనండి."

కోప్పడతారనుకున్నాను. నవ్వుతారేమో, నలుగురినీ పిలుస్తారేమో అనుకున్నాను. నెమ్మదిగా దిగి, డబ్బాల వైపు చూసి, "ఏ పెట్రోలు పొయ్యమంటావ్?" అన్నారు.

ఒట్టు తాయారూ, నాకు ఏడుపొచ్చింది. "మీ ఇష్టమండి" అన్నాను. ఆయన పోశారు. వెనక కూర్చుని తెర లాక్కున్నారు.

చిల్లకల్లు దాటాము. అప్పుడు వెనక నుంచి, "ఎప్పణ్ణించి?" అన్నారు.

"మీరు పీపాకోసం బెజవాడ వెళ్ళిన రోజు నించండి."

"అప్పుడున్నది మామూలు పెట్రోలేగా?"

"అవునండి."

"గెంతలా?"

"గెంతలేదండి."

ఇంకా కొంతదూరం పోయాక మెల్లిగా అన్నారు. "నాకూ అనుమానంగానే ఉందే. మొదట్నించీ ఉంది. పెట్రోలుదే తప్పైతే మార్చుకోవచ్చు గదా. నా కాళ్ళని ఏం పెట్టి మార్చను?"

నేను వెనక్కి తిరగలేదు. తిరక్కూడదని ఆశీర్వాదం చెప్పాడు. "మీకు కాయ వాసన తెలుసు, నాకు తెలీదు. ఇది నాకు తెలిసింది, అంతేనండి" అన్నాను. తరవాత నందిగామ దాకా తెర వెనక ముక్కు చీదుకుంటున్న చప్పుడే. దుమ్ము అన్నారు. నేనూ దుమ్మే అనుకున్నాను.

ఇక మీ ఆయన ప్రశ్న. ఆ రోజు పోసింది ఏ పెట్రోలో నేను చూడలేదు. మీ బావగారిని నిన్న అడిగాను. "నేను మాత్రం చూశానా? చేతికందిన డబ్బా వంచా" అన్నారు. ఇదే మా జవాబని మరిదిగారికి చెప్పు. తీర్పు ఆయనే రాసుకోవచ్చు.

మొన్న కోదాడ బేరానికి ఇద్దరం వెళ్ళాము. నేను తోలుతుంటే ఆయన ముందే, నా పక్కనే, అందరికీ కనపడేలా కూర్చున్నారు. బజార్లో ఎద్దుబండ్లు అడ్డం వస్తే సరిగ్గా పుల్లయ్య కొట్టు ముందు ఆగాల్సి వచ్చింది. పుల్లయ్య అరుగు దిగొచ్చాడు. నన్ను చూడనట్టే ఆయన కిటికీలోకి వంగి, "శెట్టిగారూ, బండి ఎంత మెత్తగా పోతోందండీ! ఏ పెట్రోలు పోయిస్తున్నారు?" అన్నాడు. చుట్టూ నలుగురు చేరారు. సమాధానం కోసం చెవులు రిక్కించారు.

ఏడాది పాటు పెట్రోలు మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి.

"నన్నడుగుతావేమయ్యా?" అన్నారు మీ బావగారు. "తోలే మనిషిని అడుగు."

పుల్లయ్య కారు చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ముందు బండి కదిలింది. నేను గేరు వేశాను.

ఇట్లు,
నీ అక్కయ్య, బాలామణి